తీర్పు కాపీ వెనుక తేదీలు

పుంగనూరు చుట్టుపక్కల ఒక పల్లె. ఎకరా ఇరవై సెంట్ల మెట్ట. పక్క పొలం వాళ్లు గట్టు దాటి వస్తున్నారని, వాళ్లను ఆపమని రైతు శాశ్వత ఇంజంక్షన్ దావా వేశాడనుకుందాం. ఏళ్ల తరబడి వాయిదాలు నడిచాయి. చివరికి జూనియర్ సివిల్ జడ్జి కోర్టు దావా కొట్టేసింది. ఆ రైతు కొత్తగా బోర్డు పెట్టిన లాయరు గదికి వచ్చి, కూర్చోగానే అడిగే మాట ఒకటే: "కేసు కొట్టేసినారు సార్. ఇంగ హైకోర్టుకు పోవాల్సిందే గదా?"

హైకోర్టుకు ఇప్పుడే పోనక్కర్లేదు. అంతకంటే ముఖ్యమైన మెట్టు మదనపల్లెలోనే ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 96వ సెక్షన్ కింద వేసే మొదటి అప్పీలులో సాక్షులు చెప్పిన ప్రతి మాటనూ, దాఖలైన ప్రతి కాగితాన్నీ పైకోర్టు మళ్లీ తూచి చూడాలి. అక్కడ కూడా ఓడిపోతే 100వ సెక్షన్ కింద హైకోర్టులో రెండో అప్పీలు ఉంది కానీ, దానికి గణనీయమైన న్యాయ ప్రశ్న ఒకటి ఉండి తీరాలి. 1976 సవరణ తర్వాత ఆ తలుపు మరీ ఇరుకైంది. గట్టు ఎక్కడుంది, పొలం ఎవరి సాగులో ఉంది, సాక్షి నిజం చెప్పాడా లేదా అన్నవి అక్కడ మామూలుగా చర్చకే రావు. అంటే ఈ రైతు బతుకు సంగతిని మొత్తంగా చదివే ఆఖరి న్యాయమూర్తి మదనపల్లె అదనపు జిల్లా కోర్టులో కూర్చున్న మనిషి. ఆ న్యాయమూర్తి ముందుకు వెళ్లే కట్టను తయారుచేసేది చాలాసార్లు ప్రాక్టీసు మొదలుపెట్టి నాలుగేళ్లు కూడా నిండని జూనియర్. అమరావతిలో వాదించే పెద్ద లాయరు కంటే ఈ జూనియర్ చేతిలోనే రైతు పొలం ఎక్కువగా ఆధారపడి ఉందని నా నమ్మకం. అందుకే ఆ కట్ట తయారయ్యే తీరు మొదటి నుంచీ చెబుతున్నాను.

అర్హత సంగతి త్వరగా ముగిద్దాం. లా పట్టా చేతికొచ్చాక 1961 అడ్వొకేట్స్ చట్టం కింద ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ కావాలి. ఎన్‌రోల్‌మెంటు ఫీజు చట్టంలో రాసినదాని కంటే పైసా ఎక్కువ తీసుకోకూడదని 2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మామూలు అభ్యర్థులకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 125. పల్లెల నుంచి వచ్చే పిల్లలకు ఈ తీర్పు ఎంత మేలు చేసిందో ఇక్కడి కోర్టు ఆవరణల్లో కనిపిస్తుంది. ఎన్‌రోల్ అయిన రెండేళ్లలోగా ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. ఆ తర్వాత సీనియర్ దగ్గర కొన్నేళ్లు ఉండి, కోర్టు పక్క వీధిలో అద్దె గది, రెండు బీరువాలు, ఒక ప్రింటరు, కుదిరితే ఒక గుమాస్తా. ఫీజు విషయంలో ఒక్కటి మాత్రం మొదటిరోజే తేల్చుకోవాలి. "గెలిస్తే పొలంలో వాటా ఇస్తా సార్" అనే బేరం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. ఫీజు ఎంత, కోర్టు ఖర్చు ఎంత అన్నవి విడివిడిగా కాగితం మీద రాసి, ఖర్చుకిచ్చిన డబ్బుకు లెక్క చూపించాలి.

ఇక పని. తీర్పు చెప్పిన రోజునే, అది కుదరకపోతే మర్నాడే, తీర్పుకూ డిక్రీకీ సర్టిఫైడ్ కాపీల కోసం దరఖాస్తు పెట్టాలి. రైతు కొత్త లాయరు దగ్గరికి వచ్చేసరికి పాత లాయరు పెట్టి ఉంటే సరే. పెట్టకపోతే ఆ పూటే పెట్టాలి. ఆన్‌లైన్‌లో తీర్పు కనిపిస్తోంది గదా అని ఊరుకుంటే నష్టం. చదువుకోవడానికి అది చాలు, అప్పీలు దాఖలుకు చాలదు. పైగా గడువు లెక్కలో మినహాయింపు వచ్చేది కాపీ దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే.

ఆ కాపీ చేతికొచ్చాక చాలామంది జూనియర్లు మొదటి పేజీ తిప్పుతారు. ముందు చూడాల్సింది ముద్ర వేసిన పేజీ. అక్కడ వరసగా తేదీలుంటాయి: దరఖాస్తు పెట్టిన రోజు, స్టాంపులు అడిగిన రోజు, స్టాంపులు కట్టిన రోజు, కాపీ సిద్ధమైన రోజు, కాపీ ఇచ్చిన రోజు. రబ్బరు ముద్ర మీద పెన్నుతో నింపిన అంకెలు కొన్నిసార్లు మసకగా, కొట్టివేతలతో ఉంటాయి. అనుమానం వస్తే అక్కడికక్కడే కాపీల సెక్షన్లో సరిచేయించుకోవాలి. నెల తర్వాత వెళ్తే ఎవరూ బాధ్యత తీసుకోరు. అప్పీలు బతకడం, చావడం ఈ ఐదు తేదీల మీద ఉంటుంది.

లెక్క ఇలా కట్టాలి. 1963 లిమిటేషన్ చట్టంలో 116వ ఆర్టికల్ ప్రకారం సివిల్ అప్పీలుకు జిల్లా కోర్టులోనైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. 12వ సెక్షన్ ప్రకారం తీర్పు చెప్పిన రోజును లెక్కలోంచి తీసేయాలి. కాపీ కోసం పట్టిన రోజులనూ తీసేయాలి. ఉదాహరణకు తీర్పు జూన్ 3న వచ్చింది. కాపీకి జూన్ 10న దరఖాస్తు పెట్టారు, 14న స్టాంపులు అడిగారు, 16న కట్టారు, 27న కాపీ సిద్ధమైంది. తీర్పు రోజు పోగా జూన్ 4 నుంచి 30 రోజులు జులై 3తో ముగుస్తాయి. కాపీకి పట్టింది జూన్ 10 నుంచి 27 వరకు, రెండు చివరలూ కలిపి 18 రోజులు. వాటిని కలిపితే జులై 21. కానీ స్టాంపులు అడిగాక కట్టడానికి మన వల్ల రెండు రోజులు ఆలస్యమైంది. మన అలసత్వం వల్ల పోయిన రోజులను కాపీకి అవసరమైన కాలంగా కోర్టు ఒప్పుకోదు. కాబట్టి 16 రోజులే కలపాలి, ఆఖరు తేదీ జులై 19. ఇక కాపీ సిద్ధమై ఉన్నా తీసుకోకుండా వదిలేసిన రోజులు అసలు లెక్కకే రావు. ఆఖరు రోజు ఆదివారమో, మే నెల సెలవులో అయితే 4వ సెక్షన్ కింద కోర్టు తెరిచిన మొదటి రోజు వేయవచ్చు. ఈ లెక్క కేసు డైరీలో కాకుండా వేరే రిజిస్టరులో రాసుకోవాలి. డైరీలో రోజుకో వాయిదా తరుముకొస్తుంటుంది. గడువు రిజిస్టరులో అప్పీళ్లే కనిపిస్తాయి. ఒకే ఉదయం మదనపల్లెలో వాదనలు, పుంగనూరులో సాక్షి, కుప్పంలో కొత్త దావా పడే మనిషికి ఈ రెండో పుస్తకం లేకపోతే గండం. పుంగనూరుకు గంటలోపే చేరవచ్చు గానీ, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం వెళ్లాలంటే నూరు కిలోమీటర్ల పైచిలుకు. మధ్యాహ్నం తిరిగొచ్చి కోర్టు మూసేలోగా దాఖలు చేద్దామన్న ఆలోచన ఆ దారిలో పనికిరాదు.

గడువు దాటాక వచ్చే కక్షిదారులే ఎక్కువ. అప్పుడు అప్పీలుతో పాటు, ఆలస్యాన్ని మన్నించమంటూ లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద పిటిషను, దానికి ప్రమాణపత్రం జత చేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 41, రూల్ 3ఎ దీన్ని తప్పనిసరి చేసింది. ఆలస్యాన్ని మన్నించే విషయంలో కోర్టులు ఉదారంగా ఉండాలని 1987లో కాటీజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ ఆ ఉదారత నిజం చెప్పినవారికే దొరుకుతుంది. పాత ఫైళ్లు తిరగేస్తే ప్రతి ప్రమాణపత్రంలోనూ జబ్బే కనిపిస్తుంది, డాక్టరు చీటీ ఒకే రకంగా ఉంటుంది. జడ్జీలు వాటిని చదివీ చదివీ విసిగిపోయారు. కుప్పం వైపు నుంచి వచ్చే మనిషికి అసలు కారణం వేరే ఉంటుంది. తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు కూలికి పోయి రాత్రికి తిరిగొస్తాడు. లాయరు గది తెరిచే వేళకు ఊళ్లో ఉండడు. పాత లాయరు తీర్పు సంగతి చెప్పింది ఎప్పుడో, ఆ రోజు అతను ఎక్కడ పనిచేస్తున్నాడో, ఎవరి ద్వారా తెలిసిందో అడిగి అదే రాయాలి. మేస్త్రీ రాసిచ్చిన హాజరు చీటీ ఒకటి జతచేస్తే దొంగ డాక్టరు చీటీ కంటే ఎంతో మేలు. ప్రమాణపత్రం మీద సంతకం పెట్టేముందు దాన్ని కక్షిదారుకు తెలుగులో చదివి వినిపించాలి. ప్రమాణం చేస్తున్నది అతను.

పాత లాయరు ఫైలు ఇవ్వనంటే? ఫీజు బాకీ ఉందని కక్షిదారు కాగితాలను అట్టిపెట్టుకునే హక్కు లాయరుకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ చిన్న ఊరి బార్‌లో తీర్పు చూపించి తగవు పెట్టుకోవడం కంటే, వెళ్లి "అన్నా, ఫైలు కావాలి, బాకీ సంగతి అతనితో నేను మాట్లాడతాను" అంటే పనవుతుంది. పనిలో పనిగా కేసు గురించి ఆయన అభిప్రాయమూ అడగాలి. ఏ సాక్షి ఎక్కడ తడబడ్డాడో ఆయనకు తెలిసినంతగా ఏ కాగితానికీ తెలియదు.

తర్వాతిది చదవడం. పని మొత్తంలో ఎక్కువ సమయం తీసుకోవాల్సిందీ, ఎక్కువమంది తక్కువ సమయం ఇచ్చేదీ ఇదే. నేను సూచించే వరస: ముందు దావా అర్జీ, జవాబు, కోర్టు కట్టిన విచారణాంశాలు, ఆ తర్వాత సాక్షుల వాంగ్మూలాలు, దస్తావేజులు. తీర్పు చివర చదవాలి. తీర్పు ముందు చదివితే జడ్జి కళ్లతోనే సాక్ష్యం కనిపిస్తుంది. వాంగ్మూలం చదువుతూ పక్కన ఒక కాగితం పెట్టుకుని, పి.డబ్ల్యు. 2 (వాది తరఫు రెండో సాక్షి) ఏ పేజీలో ఏం ఒప్పుకున్నాడు, డి.డబ్ల్యు. 1 (ప్రతివాది తరఫు మొదటి సాక్షి) ఏం ఒప్పుకున్నాడు అని పేజీ, పంక్తి వేసి రాసుకోవాలి. మన రైతు కేసులో ప్రతివాది క్రాస్‌లో ఇలా చెప్పాడనుకుందాం: "వాది పొలంలో వేరుశనగ వేసినమాట నిజం. అది మాకు కౌలుకిచ్చిన భూమి అనడం నిజం కాదు." మొదటి వాక్యం వాది సాగులో ఉన్నాడని ఒప్పుకుంటోంది. తీర్పులో ఆ వాక్యం ఎక్కడా కనబడకపోతే అప్పీలుకు అదే ప్రాణం. వందల పేజీల రికార్డులో అలాంటి వాక్యం ఒకటో రెండో ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి అడ్డదారి లేదు.

ఇప్పుడు తీర్పు. కింది కోర్టు ఎందుకు కొట్టేసిందో ఒక్క వాక్యంలో రాయగలగాలి. ఇంజంక్షన్ దావాల్లో తరచూ కనిపించే కారణం ఒకటుంది: "ప్రతివాది హక్కునే ప్రశ్నించాడు, వాది హక్కు ప్రకటన అడగకుండా ఇంజంక్షన్ ఒక్కటే అడిగాడు." ఇక్కడ ప్రతి జూనియర్ చదివి తీరాల్సిన తీర్పు ఒక తెలుగు ఊరి కేసు నుంచే వచ్చింది. వరంగల్‌లో ఇళ్ల స్థలం కొన్నవాళ్లు 1978లో పునాదులు తవ్వబోతే వేరే వ్యక్తి అడ్డుపడ్డాడు. వాళ్లు ఇంజంక్షన్ దావా వేశారు. కింది కోర్టులో గెలిచారు, మొదటి అప్పీలులో ఓడారు, హైకోర్టులో రెండో అప్పీలులో గెలిచారు, చివరకు 2008 మార్చి 25న సుప్రీంకోర్టులో ఓడారు. అనతుల సుధాకర్, పి. బుచ్చిరెడ్డి కేసుగా దేశమంతా ఉదహరించే తీర్పు అది. స్వాధీనంలో ఉన్న మనిషిని ఊరికే ఇబ్బంది పెడుతుంటే ఇంజంక్షన్ చాలు. హక్కు మీదే మబ్బు కమ్మితే హక్కు ప్రకటన కూడా అడగాలి. స్వాధీనం కూడా లేకపోతే ప్రకటన, స్వాధీనం, ఇంజంక్షన్ మూడూ అడగాలి. అర్జీలో రాయకుండా, విచారణాంశం కట్టకుండా హక్కు గురించి కోర్టు తేల్చకూడదు. ముప్పై ఏళ్లు ఆ కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరగడానికి మూలం మొదటి అర్జీలో ఏమడిగారన్నదే.

మన రైతు కేసులో ప్రతివాది చూపిన 'హక్కు' నిజంగా మబ్బేనా, లేక నోటి మాటేనా? జవాబులో ఊరికే కాదన్నంత మాత్రాన హక్కు వివాదం పుట్టదు. ఏదో ఒక కాగితం, ఏదో ఒక ఆధారం ఉండాలి. అది లేకపోతే ఈ తీర్పునే మన వైపు వాడుకోవచ్చు. ప్రతివాది చేతిలో గట్టి దస్తావేజు ఉంటే మాత్రం మన అర్జీలోని లోటును దాచుకోవడం మంచిది కాదు. అప్పీలులోనే ఆర్డర్ 6, రూల్ 17 కింద అర్జీ సవరించి హక్కు ప్రకటన చేర్చమని అడగాలా, ఆర్డర్ 23, రూల్ 1 కింద కొత్త దావాకు అనుమతితో ఈ దావా ఉపసంహరించాలా అన్నది ఆ వారమే తేల్చాలి. సవరణకు ఇంతకాలం ఎందుకు ఆగారన్న ప్రశ్న వస్తుంది. ప్రకటన దావాకు, దావా వేసే హక్కు మొదట పుట్టిన నాటి నుంచి మూడేళ్లే గడువు. ఇది రైతుకు కష్టమైన మాట. అయినా మొహమాటం లేకుండా చెప్పాలి.

కాగితాల దగ్గర మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటికీ మూడు చరిత్రలున్నాయి, అవి తెలియని లాయరుకు రికార్డు దొరకదు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు మదనపల్లె కడప జిల్లాలోది. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటువి. జమీందారీ గ్రామాల్లో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. అక్కడ హక్కుకు మూలం వెతకాలంటే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ నకలు తీయాలి. మదనపల్లె వైపు రైత్వారీ గ్రామమైతే రీసెటిల్‌మెంటు రిజిస్టరు చూడాలి. ఇనాం భూమైతే 1956 చట్టం కింద ఎవరికి రైత్వారీ పట్టా ఇచ్చారో చూడాలి. ప్రభుత్వం అసైన్ చేసిన భూమైతే 1977 చట్టంలోని బదిలీ నిషేధం, తర్వాతి సవరణలతో కలిపి చూస్తే, దానికి వర్తిస్తుందో లేదో చూడాలి; వర్తిస్తే కొన్న కక్షిదారు ఎంత డబ్బు పోసినా ఆ క్రయం నిలవదు. కుప్పంలో ఇంకో చిక్కుంది. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. పాత దస్తావేజుల్లో తమిళం, కన్నడం కనబడితే నమ్మకమైన అనువాదం చేయించి జతచేయాలి. ఇక పారీకత్తు అనే కాగితం ఇంటింటా ఉంటుంది. రిజిస్టరు కాని, స్టాంపు లేని ఆ పంపకాల పత్రం కింది కోర్టులో ఏ అభ్యంతరంతో మార్కు అయ్యిందో, అసలు అయ్యిందో లేదో చూసుకోకుండా దాని మీద వాదన కట్టకూడదు.

రెవెన్యూ నకళ్లు తీసుకోవడం వాయిదా వేయవద్దని చెప్పడానికి మదనపల్లెలో వేరే ఉదాహరణ అక్కర్లేదు. 2024 జులై 21 రాత్రి సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయాయి. రాష్ట్రమంతా చర్చ జరిగింది, దర్యాప్తు నడిచింది. సర్టిఫైడ్ నకలు ముందే తీసి పెట్టుకున్నవాడికి ధైర్యం ఉంటుంది. లేనివాడు అదే భూమి గురించి మండలాఫీసులో, జిల్లాఫీసులో, పాత కోర్టు రికార్డుల్లో ఇంకెక్కడ నకలు ఉందో వెతుక్కోవాలి.

అలా దొరికిన కొత్త కాగితాన్ని అప్పీలులో నేరుగా పెట్టేయడం కుదరదు. ఆర్డర్ 41, రూల్ 27 కింద పిటిషను వేసి, ఎంత జాగ్రత్తగా వెతికినా అప్పుడు దొరకలేదనో, కింది కోర్టు తీసుకోవడానికి నిరాకరించిందనో చూపించాలి. కేసులో ఖాళీ పూడ్చుకోవడానికి ఈ రూలు లేదు.

అప్పీలు మెమో రాయడం అన్నిటికంటే చిన్న పని కావాలి. ఆర్డర్ 41, రూల్ 1 ఏమంటుందంటే, అభ్యంతరాలు క్లుప్తంగా, విడివిడి శీర్షికల్లో, వాదన గానీ కథ గానీ లేకుండా, వరస నంబర్లతో ఉండాలి. మనం చూసే మెమోల్లో మొదటి పేరా ఎప్పుడూ ఒకటే: తీర్పు చట్టానికీ, సాక్ష్యానికీ, కేసు పరిస్థితులకూ విరుద్ధమని. ఆ వాక్యం ఉన్నా లేకపోయినా ఒకటే. దాని బదులు, "డి.డబ్ల్యు. 1 క్రాస్‌లో వాది సాగును ఒప్పుకున్న భాగాన్ని కింది కోర్టు పరిగణించలేదు", "ఎగ్జిబిట్ ఎ3 అడంగల్ నకళ్లను కారణం చెప్పకుండా తోసిపుచ్చింది", "కోర్టు కమిషనరు సర్వేయరు సాయంతో ఇచ్చిన నివేదికపై అభ్యంతరం లేకున్నా దాన్ని పక్కనబెట్టింది" అని రాస్తే జడ్జికి ఎక్కడ చూడాలో తెలుస్తుంది. పది అభ్యంతరాల్లో మూడే బలమైనవైతే ఆ మూడే ముందు పెట్టాలి.

కొత్తవాళ్లు తరచూ పొరపడేది మధ్యంతర ఉత్తర్వు దగ్గర. అప్పీలు వేసినంత మాత్రాన కింది డిక్రీ ఆగదు. ఆర్డర్ 41, రూల్ 5 కింద స్టే అడగాలి. కానీ మన రైతు దావా కొట్టేశారు. అక్కడ అమలు జరిగే డిక్రీ ఏదీ లేదు, ఖర్చులు తప్ప. స్టే తెచ్చుకున్నా ప్రతివాది ట్రాక్టరు ఆగదు. అతనికి కావాల్సింది అప్పీలు తేలేదాకా స్వాధీనం జోలికి రావద్దనే తాత్కాలిక ఇంజంక్షన్. దానికి వేరే మధ్యంతర దరఖాస్తు (ఐ.ఎ.) వేయాలి. దావా నడుస్తున్నంతకాలం ఇంజంక్షన్ అమలులో ఉంటే ఆ ఉత్తర్వు నకలు, ఈ ఏడాది పంట ఫొటోలు, తాజా అడంగల్ జతచేయాలి.

దాఖలు రోజు కట్టలో ఉండాల్సినవి: మెమో, తీర్పు, డిక్రీ సర్టిఫైడ్ కాపీలు, సంక్షేమ నిధి స్టాంపు అంటించిన వకాల్తా, 1956 కోర్టు ఫీజుల చట్టం 49వ సెక్షన్ ప్రకారం కింది కోర్టులో అప్పీలు విషయానికి కట్టిన ఫీజుతో సమానమైన ఫీజు, పిటిషన్లు, ప్రమాణపత్రాలు, ప్రతివాదులందరికీ నకళ్లు, బ్యాటా. ఆఫీసు పరిశీలించి ఆబ్జెక్షన్లు రాసి వెనక్కి పంపడం మామూలే. ఒక ప్రతివాది తండ్రి పేరు తప్పు, ఒక పేజీ మసక, విలువ కట్టడంలో తేడా. చికాకు పడకుండా ఇచ్చిన గడువులోనే సరిచేసి తిరిగి దాఖలు చేయాలి. అదీ దాటితే దానికి మళ్లీ ఇంకో ఆలస్య పిటిషను. ముందు ఎస్.ఆర్. నంబరు, ఆబ్జెక్షన్లన్నీ తీరాక ఎ.ఎస్. నంబరు వస్తాయి. పదహారు అక్షరాంకెల సి.ఎన్.ఆర్. నంబరు రైతు ఫోన్లో దాచిపెట్టి, ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా ఎలా చూడాలో ఇంట్లో చదువుకున్న పిల్లకో పిల్లాడికో నేర్పితే, లాయరు గది చుట్టూ తిరిగే బస్సు చార్జీలు మిగులుతాయి.

క్రిమినల్ వైపు చిన్న ప్రాక్టీసుకు వచ్చే అప్పీళ్లలో చెక్కు కేసులు ఎక్కువ. మదనపల్లె టమాటా మండీలోనూ, నీరుగట్టువారిపల్లె పట్టు వ్యాపారంలోనూ చెక్కు చేతులు మారడం రోజువారీ సంగతి. శిక్ష పడిన రోజునే మేజిస్ట్రేటు ముందు శిక్ష నిలుపుదల పిటిషను సిద్ధంగా ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో అప్పీలుకు 415వ సెక్షన్, నిలుపుదలకు 430వ సెక్షన్. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 148వ సెక్షన్ కింద పై కోర్టు కనీసం 20 శాతం కట్టమనవచ్చని కక్షిదారుకు ముందే చెప్పాలి. ప్రతి కేసులోనూ అది తప్పనిసరి కాదని 2023లో జంబూ భండారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి కట్టలేని పరిస్థితి ఉంటే కారణాలతో రాసి అడగాలి.

మళ్లీ మన సివిల్ అప్పీలు. నోటీసులు, కింది కోర్టు రికార్డు తెప్పించడం, వాయిదాలు. ఈ ఎదురుచూపులో కేసును చంపేది మరణం. ముసలి ప్రతివాది చనిపోయిన సంగతి ఊరంతా తెలుసు, లాయరుకు చెప్పాలని ఎవరికీ తోచదు. 90 రోజుల్లో వారసులను చేర్చకపోతే ఆ మేరకు అప్పీలు రద్దవుతుంది, ఆ రద్దును తొలగించుకోవడానికి ఇంకో 60 రోజులే. ప్రతి వాయిదాకీ ఫోన్ చేసి "అవతల అందరూ బాగున్నారా?" అని అడగడం అలవాటు చేసుకోవాలి. ఇదే సమయంలో రాజీ మాట కూడా నిజాయితీగా కదపాలి. గట్టు తగవుల్లో సర్వేయరు రాయి నాటితే సగం కోపం పోతుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది, ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. కక్షిదారు మహిళ గానీ, ఎస్సీ, ఎస్టీ గానీ అయితే ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచిత లాయరు హక్కు ఉంది. తన ఫీజు పోతుందని ఈ మాట చెప్పకుండా దాచే లాయరును నేను క్షమించలేను.

వాదన రోజు. పది పేజీల లిఖిత వాదన ఇవ్వవచ్చు, కానీ జడ్జి చేతికి ముందు ఇవ్వాల్సింది ఒక్క పేజీ: నిర్ణయించాల్సిన అంశాలు, ఒక్కో అంశం కింద సాక్ష్యం పేజీ నంబర్లు. ఆర్డర్ 41, రూల్ 31 ప్రకారం అప్పీలు తీర్పులో నిర్ణయాంశాలు, నిర్ణయం, కారణాలు, ఉపశమనం ఉండాలి. మన కాగితం ఆ ఆకారంలోనే ఉంటే జడ్జి పని తేలికవుతుంది. మొదటి అప్పీలు కక్షిదారుకు విలువైన హక్కనీ, కింది తీర్పును తిప్పేసేటప్పుడు దాని కారణాలను దగ్గరగా చూసి జవాబు చెప్పాలనీ 2001లో సంతోష్ హజారీ కేసులో సుప్రీంకోర్టు అంది. గెలిచి అప్పీలులో ప్రతివాదిగా ఉన్నప్పుడు కూడా ఆ మాట మనకు కవచం. సాక్షి మాట చదివి వినిపించేటప్పుడు ముక్క కోసి చదవకూడదు. "వేరుశనగ వేసినమాట నిజం" అన్నదాని తర్వాతి వాక్యం కూడా మనమే చదవాలి. ఎదుటి లాయరు చదివితే మన మాట మీద నమ్మకం పోతుంది.

తీర్పు వచ్చింది. రైతు ఓడితే రెండో అప్పీలుకు 90 రోజులున్నాయి. అమరావతిలో నేలపాడు దగ్గరి హైకోర్టుకు కట్ట పంపేముందు జూనియర్ తానే కూర్చుని న్యాయ ప్రశ్న అనేది ఏదైనా నిజంగా ఉందా అని రాసి చూడాలి. రికార్డులో ఉన్న ఒప్పుకోలును పూర్తిగా వదిలేసి నిర్ణయం చేశారా, దస్తావేజు అర్థాన్ని తప్పుగా తీశారా, అర్జీలో లేని హక్కును తేల్చారా? వీటిలో ఏదీ లేకపోతే ఆ మాట రైతుకు చెప్పి, అప్పు చేసి అమరావతి ఖర్చు పెట్టవద్దనాలి. రైతు గెలిస్తే, తన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ సెక్షన్ కింద హైకోర్టులో కేవియట్ వేయించాలి. అది 90 రోజులే నిలుస్తుంది, అవతలివాళ్లు ఆలస్య పిటిషనుతో రావచ్చు గనుక గడువు ముగిసేలోగా మళ్లీ వేయాలి. ఇంజంక్షన్ డిక్రీని అవతలివాళ్లు లెక్కచేయకపోతే ఆర్డర్ 21, రూల్ 32 కింద అమలు పిటిషను వేయాలి. కోర్టులో మార్కు చేసిన అసలు పట్టా, క్రయపత్రాలు మాత్రం రెండో అప్పీలు గడువు దాటేదాకా మామూలుగా వాపసు రావు. బ్యాంకు అప్పుకో, కూతురి పెళ్లికో అంతకుముందే అవసరమైతే, సర్టిఫైడ్ నకలు దాఖలు చేసి, అడిగినప్పుడు అసలు తెచ్చి ఇస్తామని హామీ రాసిచ్చి, ఆర్డర్ 13, రూల్ 9 కింద అడగాలి.